స్ట్రెయిటెనింగ్ చేయించిన జుట్టుకి రంగు: ఏది వేయొచ్చు, ఏది వద్దు

మా అక్క కూతురి పెళ్లి ఇంకో పది రోజులుందనగా అద్దంలో చూసుకుంటే పాపిట పక్కన తెల్లగా గీత. జుట్టు కూడా మళ్లీ ఉంగరాలు తిరుగుతోంది. పార్లర్‌కి వెళ్లి రెండూ చెప్పాను. "ఏం టెన్షన్ లేదు మేడమ్, స్ట్రెయిటెనింగ్, కలర్ రెండూ ప్యాకేజీలో ఒకేరోజు అయిపోతాయి" అన్నారు. ఆరు గంటలు కుర్చీలో కూర్చున్నాను. పెళ్లి ఫోటోల్లో జుట్టు పట్టుకుచ్చులా మెరిసింది కూడా.

ఆ తర్వాత మూడో తలస్నానానికి దువ్వెన నిండా అంగుళం, అంగుళంన్నర ముక్కలు. రాలిన వెంట్రుక అయితే ఒక కొసన చిన్న తెల్లటి గింజలాంటిది ఉంటుంది, అది కుదురు. ఈ ముక్కలకి రెండు కొసల్లో ఎక్కడా అది లేదు. అంటే జుట్టు రాలడం కాదు, మధ్యలో పుటుక్కున తెగిపోవడం. నాలుగు నెలలు చెవుల దగ్గర కొబ్బరి పీచులా లేచి నిలబడిన జుట్టుతో ఆఫీసుకి వెళ్లాను. ఆ నాలుగు నెలల్లో, ఆ తర్వాత తిన్న దెబ్బలతో నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

చాలామంది ఏ షేడ్ బాగుంటుందా అని మొదలుపెడతారు. బర్గండీయా, చాక్లెటా, నాచురల్ బ్రౌనా అని. స్ట్రెయిట్ చేయించిన తలకి అది ఆఖరి ప్రశ్న. మొదటి ప్రశ్న, ఆ వెంట్రుక వయసెంత, దాని మీద ఇప్పటిదాకా ఏమేం పడ్డాయి అని. జుట్టు నెలకి సుమారు అరంగుళం పెరుగుతుంది. వీపు మీదికి దిగిన పదహారు అంగుళాల జుట్టు చివర రెండున్నరేళ్ల పైబడిన పాతది. దాని మీద రెండుసార్లు స్ట్రెయిటెనింగ్ పడి ఉండొచ్చు, ఎప్పుడో ఒక హెన్నా, ఒక పెట్టె రంగు, లెక్కలేనన్నిసార్లు ఐరనింగ్. కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన అంగుళానికి మాత్రం ఇవేవీ తెలియవు. ఒకే తల మీద రెండు రకాల జుట్టు ఉందన్నమాట. రెండిటికీ ఒకే గిన్నెలోంచి ఒకే రంగు రాసెయ్యడమే నా తలకి జరిగిన తప్పు.

మీ జుట్టుకి అసలేం చేశారు?

పార్లర్ బోర్డు మీద స్ట్రెయిటెనింగ్, రీబాండింగ్, స్మూతెనింగ్, కెరాటిన్, బొటాక్స్ అని పది పేర్లుంటాయి. లోపల రసాయనాలు మాత్రం మూడు నాలుగు కుటుంబాలే.

మన దగ్గర స్ట్రెయిటెనింగ్, రీబాండింగ్ అంటే ఎక్కువగా థయోగ్లైకొలేట్ (పొట్టిగా థయో) ఉన్న క్రీమ్. కుళ్లిన గుడ్డు వాసనలాంటి ఘాటు వస్తే అదే. స్మూతెనింగ్ పేరుతో చేసేవాటిలోనూ చాలావరకు ఇదే, కాస్త తక్కువ ఘాటులో. వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్ గొలుసుల్ని పట్టి ఉంచే గంధకపు బంధాలను ఈ క్రీమ్ విడగొడుతుంది. తర్వాత ఐరన్‌తో తిన్నగా లాగి, హైడ్రోజన్ పెరాక్సైడ్ ఉన్న న్యూట్రలైజర్‌తో ఆ బంధాలను మళ్లీ కలుపుతారు. అన్నీ కలవవు. కలవనివి కలవకుండానే మిగిలిపోతాయి.

అమెరికాలో రిలాక్సర్ అంటే వేరే సంగతి. అక్కడ నల్లజాతి స్త్రీలు తరాలుగా వాడుతున్నది ఎక్కువగా హైడ్రాక్సైడ్ రకం. సోడియం హైడ్రాక్సైడ్ ఉంటే 'లై' అంటారు, కాల్షియం హైడ్రాక్సైడ్, గ్వానిడీన్ కలిపితే 'నో-లై'. పీహెచ్ 12 దాటి 14 దాకా ఉంటుంది, అంటే చాలా ఘాటైన క్షారం. అది మార్చిన బంధం మళ్లీ పాత రూపానికి రాదు. థయో, హైడ్రాక్సైడ్ ఈ రెండూ ఒకే వెంట్రుక మీద పడకూడదు, పడితే జుట్టు విరిగిపోతుంది. డాలస్‌లో ఉండే మా వదిన హైదరాబాద్‌లో స్ట్రెయిటెనింగ్ చేయించుకుని వెళ్లి, అక్కడ పొడుగు పెరిగాక "రిలాక్సర్ వేయించుకోనా?" అని ఫోన్ చేస్తే, ముందు పాత క్రీమ్ పేరు ఆ సెలూన్ వాళ్లకి చెప్పు వదినా, చెప్పకుండా మాత్రం కూర్చోకు అన్నాను. పరాయి దేశం వెళ్లేవాళ్లు క్రీమ్ పెట్టె ఫోటో ఒకటి ఫోన్‌లో దాచుకోవడం మంచిది. రంగు వేయించుకునేటప్పుడు కూడా పనికొస్తుంది.

కెరాటిన్ ట్రీట్‌మెంట్ మూడో కుటుంబం. బంధాలు తెంచడం దీని ప్రధానమైన పని కాదు. ఇప్పుడు వస్తున్న చాలావాటిలో ఫార్మాల్డిహైడ్ బదులు గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉంటుంది. రంగు సంగతికొస్తే దీంతో ఒక తిరకాసుంది: ఆమ్లం మీద వేడి ఐరన్ పడగానే అప్పటికే ఉన్న రంగు ఒకటి రెండు షేడ్లు వెలిసిపోతుంది. ముందు రంగు వేయించుకుని తర్వాత కెరాటిన్‌కి వెళ్లినవాళ్లు "డార్క్ బ్రౌన్ వేశారు, ఇత్తడి చెంబు రంగు వచ్చింది" అనేది అందుకే. ఇంకో మాట, ఇది రంగు గురించి కాదు కానీ చెప్పకుండా ఉండలేను. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు వచ్చింది. గ్లయాక్సిలిక్ యాసిడ్ ఉన్న స్ట్రెయిటెనింగ్ క్రీమ్ వాడిన ప్రతిసారీ, మొత్తం మూడుసార్లు, 26 ఏళ్ల యువతికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. క్రీమ్ తలకి తగిలి మంట పెడుతుంటే "కొంచెం ఓర్చుకోండి మేడమ్" అనే మాట వినకండి.

ఇంట్లో చేసుకునే పరీక్షలు రెండు

తడి జుట్టులోంచి ఒక్క వెంట్రుక తీసుకుని రెండు చేతులతో మెల్లగా లాగండి. బాగున్న వెంట్రుక కొంచెం సాగి, వదిలితే వెనక్కి వస్తుంది. ఉడికిన సేమ్యాలా సాగి సాగి తెగిపోతే, లేదా సాగింది సాగినట్టే ఉండిపోతే, ఆ జుట్టు మీద పెరాక్సైడ్ ఉన్న ఏ రంగూ వద్దు. చివర్లు కత్తిరించి, రెండు మూడు నెలలు ఆగాల్సిందే. చెవి దగ్గరి నుంచి ఒకటి, మెడ వెనక నుంచి ఒకటి, నడినెత్తి నుంచి ఒకటి తీసి చూడండి. నాకు నడినెత్తిన బాగానే ఉండి చెవుల దగ్గర పోయింది. అక్కడ జుట్టు సన్నగా ఉంటుంది, ఐరన్ ఎక్కువసార్లు తగులుతుంది.

రెండోది అలర్జీ పరీక్ష. కలిపిన రంగు ఒక చుక్క చెవి వెనకో మోచేతి మడతలోనో రాసి 48 గంటలు చూడాలి. పదేళ్లుగా వాడుతున్నాం కదా ఏమీ కాలేదు అంటారు. పీపీడీ అనే రంగు పదార్థానికి అలర్జీ మొదటిసారే రావాలని లేదు, ఎప్పుడైనా మొదలవ్వచ్చు. ఎగ్జిబిషన్లలో, పెళ్లిళ్లలో చేతికి పెట్టే 'బ్లాక్ మెహందీ'తో దురద, బొబ్బలు వచ్చిన చరిత్ర ఉంటే మాత్రం మామూలు హెయిర్ డై జోలికి డాక్టర్‌ని అడక్కుండా పోవద్దు. కళ్లు మూసుకుపోయేంత వాపు వచ్చిన మనిషిని చూశాను.

ఇక రంగుల సంగతి

డెవలపర్, అంటే రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రవం, లేని రంగు అన్నిటికంటే మెత్తనిది. సెమీ పర్మనెంట్ అంటారు, కలర్ మాస్క్, కలర్ కండిషనర్ పేర్లతో వచ్చేవీ ఇంచుమించు ఇవే. డబ్బాలో ఉన్నది నేరుగా రాసుకోవడం, కడుక్కోవడం. వెంట్రుకను తెరవదు, ఒంటికి పసుపు పట్టినట్టు పైపైన పడుతుంది. స్ట్రెయిట్ చేసిన జుట్టు స్పాంజిలా పీలుస్తుంది కాబట్టి రంగు తొందరగా పడుతుంది, అంతే తొందరగా దిగుతుంది. ఎనిమిది, పది తలస్నానాలకి మించి ఆశించకండి. మన నల్లజుట్టు మీద ఇది తేలిక రంగు తేలేదు. ఎండలో నిలబడితే ఎర్రటి మెరుపు కనిపిస్తుందేమో, ట్యూబ్‌లైట్ కింద ఎవరికీ తెలియదు. తెల్లవెంట్రుకల మీద పూర్తిగా కప్పదు, లేత మరకలా పడుతుంది. నెరుపు లేని పాతికేళ్ల అమ్మాయికి, స్ట్రెయిటెనింగ్ అయ్యి రెండు వారాలే అయినవాళ్లకి నేను చెప్పేది ఇదే.

దాని తర్వాతి మెట్టు డెమీ పర్మనెంట్. సెలూన్లలో టోన్-ఆన్-టోన్ అంటారు. ఇందులో డెవలపర్ ఉంటుంది, కానీ తక్కువ బలంలో, సాధారణంగా 3 శాతం లోపు. ఉన్న రంగును తేలిక చేయదు, దాని మీద ముదురు పొర వేస్తుంది. ఇరవై తలస్నానాల పైన నిలుస్తుంది. అక్కడక్కడా నెరిసినవాళ్లకి తెల్లవెంట్రుకలు సన్నటి హైలైట్స్‌లా కలిసిపోతాయి. సగానికి పైగా నెరిస్తే పనిచేయదు. వెలిసిపోయిన పొడవును మళ్లీ ముదురు చేయడానికి నా దృష్టిలో దీన్ని మించింది లేదు. దురదృష్టవశాత్తూ ఊళ్లలో చిన్న పార్లర్లలో దొరకడం కష్టం, అడిగితే పర్మనెంటే కలిపి వేసేస్తారు.

పర్మనెంట్ రంగు దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నలభై దాటిన మనలో ఎక్కువమందికి చివరికి గతి ఇదే. క్షారం వెంట్రుక పైపొరను తెరుస్తుంది, పెరాక్సైడ్ లోపలి నలుపును కొంత తీసి కొత్త రంగును లోపల కూర్చోబెడుతుంది. డెవలపర్ సీసా మీద 10, 20, 30, 40 వాల్యూమ్ అని ఉంటుంది. అవి వరుసగా 3, 6, 9, 12 శాతం పెరాక్సైడ్. స్ట్రెయిట్ చేసిన తలకి 20 దాటకూడదు. ఆ ఇరవై కూడా నెరుపు కప్పడానికి కుదుళ్ల దగ్గరే. 30 వాల్యూమ్‌తో "రంగు బాగా ఎక్కుతుంది" అంటే ఒప్పుకోవద్దు.

అమోనియా లేదు అని పెట్టె మీద పెద్దక్షరాల్లో రాస్తారు. దాన్ని చూసి నేనూ చాలాకాలం నమ్మాను. అమోనియా తీసేసి దాని స్థానంలో చాలావాటిలో మోనోఇథనోలమీన్ వేస్తారు. అదీ క్షారమే. ముక్కుకి ఘాటు తగలదు, ఎందుకంటే అమోనియాలా గాలిలోకి ఎగిరిపోదు. పెరాక్సైడ్ ఎలాగూ ఉంటుంది, పీపీడీయో దాని చుట్టమో కూడా ఉండొచ్చు. కాబట్టి అమోనియా ఉన్నదా లేనిదా అన్నదానికంటే ఎక్కడ రాస్తున్నారు, ఎంతసేపు ఉంచుతున్నారు అన్నదే ముఖ్యం. కళ్లమంట, ఆయాసం ఉన్నవాళ్లకి వాసన లేకపోవడం సుఖమే, అది కాదనను.

పది పదిహేను రూపాయల పొడి డై సాషేలు నీళ్లలో కలుపుకునేవి, మా నాన్నగారు జీవితమంతా వాడారు. అందులో పీపీడీ ఉంటుంది, పెరాక్సైడ్ పని చేసే పొడి కూడా అందులోనే కలిసి ఉంటుంది. పొట్టి క్రాపు అయితే నెలనెలా కత్తెర పడుతుంది కాబట్టి చెల్లిపోతుంది. పొడుగు జుట్టు మీద నెలనెలా పొర మీద పొర పడితే చివర్లు బొగ్గులా, బిరుసుగా తయారవుతాయి. స్ట్రెయిట్ చేసిన జడ మొత్తానికి వద్దు.

హైలైట్స్, బాలయాజ్, క్యారమెల్, యాష్ ఇవన్నీ బ్లీచ్ లేకుండా నల్లజుట్టు మీద రావు. బ్లీచ్ నలుపును ఎరుపులోంచి, నారింజలోంచి, పసుపులోకి దింపుకుంటూ పోతుంది. దారిలో, స్ట్రెయిటెనింగ్ తర్వాత మిగిలిన ఆ కొద్ది గంధకపు బంధాలను కూడా విరగ్గొడుతుంది. హైడ్రాక్సైడ్ రిలాక్సర్ పడిన జుట్టు మీద అయితే అసలే కూడదు. థయో పడిన జుట్టు మీద చేసేవాళ్లు ఉన్నారు, నాకు మాత్రం అది కొరివితో తల గోక్కోవడమే. బాండ్ బిల్డర్ (తెగిన బంధాలను అతికిస్తుందని చెప్పే మందు) కలుపుతాం, ఏమీ కాదు అంటారు. అది నష్టం తగ్గిస్తుందేమో గానీ, లేని బలాన్ని తేలేదు. మరీ మనసు పడితే క్లిప్‌తో పెట్టుకునే రంగు పాయలు, అసలు జుట్టుతో చేసినవి, కొనుక్కోండి. మా అక్క కూతురు రిసెప్షన్‌కి రెండు రాగి రంగు పాయలు పెట్టుకుంది. ఇంటికొచ్చి తీసి డబ్బాలో పెట్టింది. ఎవరూ కనిపెట్టలేదు.

గోరింటాకు మాటేమిటి?

మన ఇళ్లలో మొదటి సలహా ఇదే. "ఆ కెమికల్స్ ఎందుకే, గోరింటాకు పెట్టుకో" అని మా అమ్మ ఇప్పటికీ అంటుంది. సగం నిజం. స్వచ్ఛమైన గోరింటాకులోని లాసోన్ కెరాటిన్‌కి అంటుకుంటుంది, బంధాలు తెంచదు, ఇప్పటికే దెబ్బతిన్న జుట్టుకి కొంచెం మందం ఇస్తుంది. తెల్లవెంట్రుకని మాత్రం నారింజ రంగు చేస్తుంది. నలుపు కావాలంటే మర్నాడు నీలి ఆకు పొడి, అంటే ఇండిగో, గోరువెచ్చటి నీళ్లలో కలిపి, కలిపిన పావుగంటలోపే రాయడం మొదలుపెట్టాలి. గంట, రెండు గంటలు ఉంచాలి. మొదట పచ్చగా కనిపించి రెండు రోజుల్లో నలుపు తేలుతుంది. ఓపిక ఉన్నవాళ్లకి మంచి దారి.

మిగతా సగం: ఒకే పొడి, అరగంటలో నలుపు అన్న 'బ్లాక్ హెన్నా' గోరింటాకు కాదు, పీపీడీ కలిపిన పొడి. పదార్థాల జాబితా చదవండి. ఇంకా, గోరింటాకుని టీ డికాషన్ పోసి ఇనుప మూకుడులో రాత్రంతా నానబెట్టే అలవాటు మనకుంది. రంగు ముదురుతుంది, నిజమే. ఆ ఇనుము జుట్టులోకీ చేరుతుంది. తర్వాత ఎప్పుడైనా పెరాక్సైడ్ రంగు వేస్తే ఆ ఇనుము పెరాక్సైడ్‌ని రెచ్చగొట్టి వెంట్రుకను పాడు చేస్తుంది. స్ట్రెయిట్ చేసిన జుట్టున్నవాళ్లు గాజు గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో కలుపుకోండి. మళ్లీ స్ట్రెయిటెనింగ్ చేయించే ఆలోచన ఉంటే పొడవుకి గోరింటాకు పెట్టకండి, క్రీమ్ ఒకచోట పట్టి ఒకచోట పట్టక అట్టలుగా వస్తుంది. గోరింటాకు దారి, పార్లర్ దారి రెండిట్లో ఒకటి పట్టుకోవాలి. రెండు పడవల మీద కాళ్లు ఇక్కడ కుదరదు.

ఎవరికి ఏది

నెరుపు పాపిట దగ్గరే ఉండి, పొడవంతా స్ట్రెయిట్ చేసినది అయితే: కుదుళ్లకి మాత్రమే పర్మనెంట్, 20 వాల్యూమ్. పొడవు వెలిసిపోతే రెండు మూడు నెలలకోసారి డెమీ లేదా కలర్ మాస్క్. నేను ఇప్పుడు చేసేది ఇదే. సాగదీసే పరీక్షలో ఓడిపోయిన జుట్టైతే, కత్తెర తర్వాత కలర్ మాస్క్, పెళ్లికో పేరంటానికో వెళ్లే రోజున పాపిట నెరుపు కప్పడానికి రాసుకునే రూట్ పౌడర్ లేదా స్టిక్, అంతకు మించి వద్దు. సగానికి పైన నెరిసి, నెలనెలా పార్లర్ వద్దనుకునేవారు అసలు స్ట్రెయిటెనింగే మానేసి గోరింటాకు, ఇండిగోకి మారితే నయం. నెరుపే లేనివారు ఎర్రటి మెరుపు కోసం పర్మనెంట్ దాకా వెళ్లడం నాకు నచ్చదు. సెమీతో ఆరు నెలలు గడిపి చూడండి.

వరుస, వ్యవధి: ముందు స్ట్రెయిటెనింగ్, తర్వాత రంగు. తిరగేస్తే స్ట్రెయిటెనింగ్ క్రీమ్ కొత్త రంగుని లాగేస్తుంది. రెండిటి మధ్య కనీసం రెండు వారాలు, నెల అయితే ఇంకా మంచిది. కెరాటిన్ తర్వాత కూడా రెండు వారాలు. తల మీద పుండు, గోకిన గీత, క్రీమ్ కాలిన మచ్చ ఉంటే అవి మానేదాకా ఏదీ వద్దు. రంగు వేసే రోజు ఉదయం తలంటుకోకండి.

ఇంట్లో టచప్ చేసుకునేటప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. పొడవు జుట్టుకి, పాత రంగు మొదలైన చోటు నుంచి చివరిదాకా, కొబ్బరినూనె బాగా పట్టిస్తాను. జారిన రంగు అక్కడ పట్టకుండా అది అడ్డుగోడ. పాపిటలు తీసుకుంటూ బ్రష్ కొసతో కొత్తగా వచ్చిన అంగుళానికే రాస్తాను. పెట్టె మీద చెప్పిన టైమ్ దాటనివ్వను, అయిదు నిమిషాలకోసారి ఒక పాయ తుడిచి చూస్తాను. చివర "కొంచెం మిగిలింది కదా" అని పొడవుకి పూసేసే బుద్ధి పుడుతుంది చూడండి, అక్కడే నిగ్రహించుకోవాలి. మిగిలింది సింక్‌లో పోసేయడమే. తలస్నానానికి ముందు పెట్టే కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రోటీన్ కోల్పోవడాన్ని తగ్గిస్తుందని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. మా అమ్మమ్మకి ఆ సంగతి ముందే తెలుసు.

ఆ తర్వాత సల్ఫేట్ లేని షాంపూ, వారానికి రెండు తలస్నానాలు, మరీ వేడినీళ్లు కాకుండా గోరువెచ్చటివి. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువుంటే రంగు తొందరగా మందగిస్తుంది, ఆఖరి చెంబు ఫిల్టర్ నీళ్లతో పోసుకుంటే చాలు. ఐరన్ పెట్టెని రంగు వేసిన వారం అటక మీద పెట్టేయండి.

పార్లర్‌కే వెళ్తే, మెడకి గుడ్డ కట్టాక, రంగు గిన్నెలో కలపకముందే రెండు ప్రశ్నలు అడగండి: డెవలపర్ ఎంత వాల్యూమ్, కుదుళ్లకేనా లేక పొడవుకి కూడానా. అంకె చెప్పి, మీ జుట్టు తడిపి ఒక వెంట్రుక లాగి చూసే మనిషైతే కూర్చోండి. "ప్రీమియం ప్రొడక్ట్ మేడమ్, మీరేం కంగారు పడకండి" అని మాత్రమే జవాబొస్తే, గుడ్డ విప్పి వాళ్ల చేతిలోనే పెట్టి లేచి వచ్చేయండి.